ఇస్త్రీ చేసిన ఉత్తరం

వార్డు, కిటికీ పక్క మంచం

కొంగకి,

నువ్వు ఇంటికి వెళ్ళిన మర్నాడే నీ మంచం ఆక్రమించాను. ఈ కిటికీ గురించి నువ్వు చెప్పుకున్న గొప్పలన్నీ ఇప్పుడు బయటపడ్డాయి. కనిపించేది క్యాంటీను పొగగొట్టం, సైకిల్ స్టాండు, అక్కడ టోకెన్లిస్తూ కునికిపాట్లు పడే మనిషి. దీనికోసమేనా చలికాలమంతా నన్ను గోడవైపు పడుకోబెట్టావు? కొంగ అని పిలుస్తున్నందుకు ఇంకా కోపమేనా? ఒంటికాలి మీద నిలబడేదాన్ని కొంగ అనక ఇంకేమంటారు? డాక్టర్లతో వాదిస్తున్నానని నాకు ప్లీడరని పేరు పెట్టింది నువ్వు కాదూ. చెల్లుకి చెల్లు.

ఫోను చెయ్యడం లేదని అలిగావట, మీ పిన్ని చెప్పింది. నా ఫోను నాన్న లాగేసుకున్నాడే. మన జబ్బు వచ్చినవాళ్ళలో ఎంతమంది బతుకుతారో వెతుకుతూ దొరికిపోయాను. బస్సు నడిపేవాడికి వెనక జరిగేదంతా అద్దంలో కనబడుతుందని మరిచిపోయాను. పోనీ అమ్మ ఫోనులో మాట్లాడదామంటే ఆవిడ స్పీకరు పెట్టి మనిద్దరి మధ్యా కూర్చుంటుంది. పైగా ఈ విడత మందుకి నోటినిండా పుళ్ళు. మంచినీళ్ళు మింగాలన్నా ప్రాణం మీదికొస్తోంది. ప్లీడరు నోరు మూతపడిందని డాక్టర్లంతా మహా ఆనందంగా ఉన్నారు.

అందుకని ఉత్తరాలు. మీ పిన్ని ఈ ఆస్పత్రి లాండ్రీలోనే పనిచేయడం మన అదృష్టం. కానీ మా సిస్టరు ఒక చట్టం పెట్టింది. నా ఒంట్లో తెల్లకణాలు అడుగంటాయి కాబట్టి బయటి కాగితం ఏదైనా సరే, దుప్పట్లతోపాటు పెద్ద ఇస్త్రీ మిషన్లో పెట్టి నొక్కాకే నా దగ్గరికి రావాలట. దానివల్ల క్రిములు చస్తాయని డాక్టరుకే నమ్మకం లేదు, ఆవిడకి మాత్రం గట్టిగా ఉంది. మీ పిన్ని కవరు విప్పకుండా రెండు దిండు గలీబుల మధ్య పెట్టి నొక్కుతానని మాటిచ్చింది. కాబట్టి నిర్భయంగా రాయి.

నా మోకాలి గడ్డ కొంచెం కరిగిందట. ఇంకొన్ని విడతలయ్యాక ఎముక పాడైనంత మేర తీసేసి స్టీలు రాడ్డు వేస్తామంటున్నారు. కాలు కాలులాగే ఉంటుంది. నీకు కుళ్ళుగా ఉందా? ఉంటే చెప్పు, నాకు బాగుంటుంది.

నీ ప్లీడరు


ఇల్లు, కింది గది

ప్లీడరు గారికి,

కుళ్ళుగానే ఉంది. సంతోషమా?

నా గది మేడ మీంచి కిందికి దిగింది. నాన్న కుట్టుమిషన్లు రిపేరు చేసే గదిలో ఒక మూల మంచం వేశారు. కళ్ళు తెరిస్తే చుట్టూ తలలు ఊడదీసిన మిషన్లు, గోడకి బెల్టులు, కిటికీలో నూనె డబ్బాలు. మన వార్డుకీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు, ఇక్కడ పేషెంట్లు మూలగరు. మేడ మీది గదంతా తనదైపోయిందని చెల్లి కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు ఎక్కి దిగుతోంది.

స్కూల్లో మళ్ళీ పదో తరగతే. పాత క్లాసువాళ్ళంతా కాలేజీకి వెళ్ళిపోయారు. కొత్త పిల్లలు చాలా మంచివాళ్ళు. కొత్త కాలు బ్రహ్మాండంగా ఉంది. మెట్లు ఎక్కేస్తున్నాను. నొప్పి లేదు. అమ్మ నన్ను చూసి నవ్వుతోంది. అంతా బాగుంది.

నీ నోరు తగ్గేదాకా నీళ్ళు స్ట్రాతో తాగు. నీ రాడ్డు కాలు నాకు చూపించడానికి తొందరగా రా.

నీ కొంగ


వార్డు, అదే మంచం

కొంగా,

రాడ్డు లేదు. గడ్డ రక్తనాళాన్ని చుట్టేసిందని కొత్త స్కానులో తేలింది. కాలు తొడ మధ్యకి తీసేయాలట. డాక్టరు అమ్మకి చెబుతున్నంతసేపూ నేను నా కాలివేళ్ళు చూస్తూ కూర్చున్నాను. కదపాలనుకుంటే కదిలాయి. వాటికి ఏ జబ్బూ లేనట్టే ఉన్నాయి.

ఆ మాట విని నాన్న బయటికి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక నా కాలు వైపు చూడటం మానేశాడు. అమ్మ సంతకానికి సిద్ధంగా ఉంది. డాక్టరు నాతో విడిగా కూర్చుని, నీకు పదహారేళ్ళు, నువ్వు ఒప్పుకోకుండా నేను కత్తి పట్టుకోను అన్నాడు. ఆలోచించుకోవడానికి ఒక వారం ఇచ్చాడు. ఆపరేషను ఎంత తొందరగా అయితే అంత మంచిదని కూడా అన్నాడు.

ఇప్పుడు నాకు నువ్వు కావాలి. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అంతా బాగుంది అని రాశావు. అలా రాసే మనిషివి కాదే నువ్వు. సూది సరిగ్గా పడకపోతే నర్సు ముందే ఆవిడ ఏడు తరాలనీ తిట్టినదానివి. ఇంటికెళ్ళగానే అంత బుద్ధిమంతురాలివి ఎలా అయ్యావు?

నిజం చెప్పు. కాలు తీసేశాక బతుకు బతుకులా ఉందా? డాక్టరుకి తెలియదు, అమ్మకి తెలియదు, రెండు కాళ్ళున్నవాళ్ళు ఎవరికీ తెలియదు. నువ్వు తీయించుకో అంటే తీయించుకుంటాను, ఒట్టు. నన్ను ఓదార్చడానికి మాత్రం రాయకు. అబద్ధం చెప్పాల్సి వస్తే అసలేమీ రాయకు. నాకు అర్థమవుతుంది.

ప్లీడరు


ఇల్లు, కుట్టుమిషన్ల మధ్య

ప్లీడరుకి,

పైన నీ పేరు మామూలు పెన్నుతో రాశాను. ఇక్కణ్ణుంచి చెల్లి పెన్ను. పిల్లలు లెక్కలు చేసుకునే పెన్ను, వెనక రబ్బరుతో రుద్దితే చెరిగిపోతుంది. ఈ ఉత్తరంలో ఒక్క మాట కూడా తప్పుగా పడకూడదు. కొట్టివేతలు చూసి, దీని కింద ఏం దాచిందా అని నువ్వు బుర్ర బద్దలు కొట్టుకోకూడదు. అందుకని రాస్తున్నాను, చెరుపుతున్నాను, మళ్ళీ రాస్తున్నాను.

ముందు నా అబద్ధాలు వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త కాలు బ్రహ్మాండంగా లేదు. తొడ దగ్గర ఒరుసుకుని పుండు పడింది. మెట్లు ఎక్కడం అంటే వాటి మీద కూర్చుని ఒక్కొక్కటీ వెనక్కి జరగడం. లేని పాదం దురద పెడుతుంది, ఎక్కడ గోక్కోవాలో తెలియక మంచం పట్టె గోకుతాను. క్లాసులో పిల్లలు మంచివాళ్ళే, మరీ మంచివాళ్ళు, నేను వస్తుంటే మాటలాపేస్తారు. అమ్మ నా ఎదుట నవ్వుతుంది, బట్టలు ఆరేస్తూ ఏడుస్తుంది. నా ఎడమ చెప్పులన్నీ సంచిలో కట్టి అటక మీద పెట్టింది. పారెయ్యడానికి చేతులు రాలేదట. మొదటి నెలంతా నేను ఆపరేషను బల్ల మీదే పోయి ఉంటే బాగుండేదనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఇక నువ్వడిగింది. మొన్న క్లాసులో కబుర్లు చెబుతున్నానని లెక్కల మాస్టారు నన్ను బయట నిలబెట్టారు. పిల్లలంతా బిక్కచచ్చిపోయి చూశారు. ఆయన మాత్రం, దానికి నోరు బాగానే ఉందిగా అని పాఠం చెప్పుకుంటూ పోయారు. వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాన పడుతోంది. జల్లు మొహం మీద కొడుతోంది, కాలు సలుపుతోంది, లోపల పిల్లలు సూత్రాలు అప్పజెబుతున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో ఈ వాక్యంలో పట్టడం లేదు, చాలాసార్లు చెరిపాను. కాలు లేకుండా ఉండటం బాగుందని కాదే. ఉండటం బాగుంది.

తీయించుకో. ఓదార్చడానికి చెప్పడం లేదు. నువ్వు లేకపోతే నాకు కష్టం కాబట్టి కూడా చెబుతున్నాను, ఆ స్వార్థం కూడా దాచను. తీయించుకో. సంతకం మళ్ళీ మామూలు పెన్నుతో పెడుతున్నాను.

నీ కొంగ


వార్డు

కొంగా,

నీ జవాబు అందింది. పైన నా పేరు, కింద నీ పేరు, మధ్యలో ఏమీ లేదు. వెనక్కి తిప్పి చూశాను, అక్కడా ఏమీ లేదు.

మొదట ఒళ్ళు మండిపోయింది. తరవాత గుర్తొచ్చింది, అబద్ధం చెప్పాల్సి వస్తే ఏమీ రాయకు అన్నది నేనే. నువ్వు నా మాట నిలబెట్టావు. ఒట్టి కాగితం మడిచి కవర్లో పెట్టడానికి నీకు ఎంత కష్టమై ఉంటుందో అనుకున్నాను. నా చుట్టూ ఇంతమంది ఉన్నారు, నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే. దానికి థాంక్స్ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

డాక్టరుకి వద్దని చెప్పేశాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు నచ్చజెప్పాడు. ఎప్పుడూ వాదించే ప్లీడరు ఈసారి గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. నాన్న మాత్రం వెంటనే లేచి సంచీ సర్దాడు. ఆయన మొహం అంత తేలికపడటం చూసి ఎన్నాళ్ళయిందో. కోత లేకుండా మాత్రలతో నయం చేసే మనిషి ఒకడున్నాడని డిపోలో ఎవరో చెప్పారట, అక్కడికి తీసుకెళ్తానన్నాడు. నాకు ఆ మాత్రల మీద నమ్మకం ఏమీ లేదు. నాన్న నా కాలు వైపు చూడగలిగితే చాలనిపించింది.

రేపు ఇంటికి వెళ్ళిపోతున్నాం. కొన్నాళ్ళు రాయకపోతే అలగకు. నీ మీద కోపం కాదు, ఏం రాయాలో తెలియడం లేదు.

ప్లీడరు


ఇల్లు

ఒసే మొద్దూ,

నేను ఖాళీ కాగితం పంపలేదు. పైనుంచి కిందిదాకా నిండా రాశాను. ఇది మామూలు పెన్నుతో రాస్తున్నాను, కొట్టివేతలుంటే ఉండనీ.

నీ ఉత్తరం చదివాను. కాగితం మార్చేశావా అని పిన్ని మీద పడ్డాను. ఆవిడ కవరు విప్పనే లేదని ఏడుస్తూ ఒట్లు పెట్టింది. అప్పుడు చెల్లి మెల్లిగా నోరు విప్పింది. ఆ పెన్నుతో చేసిన హోంవర్కు మీద వేడి పాలగ్లాసు పెడితే అంతమేరా గుండ్రంగా చెరిగిపోయిందట, టీచరు నమ్మక నిలబెట్టిందట. వెంటనే ఒక కాగితం మీద నీ పేరు రాసి ఇస్త్రీపెట్టె ఆనించాను. నా కళ్ళ ముందే నీ పేరు పోయింది. ఆ సిరా వేడికి నిలవదు, రబ్బరుతో రుద్దినా ఆ రాపిడి వేడికే పోతుందట. నా ఉత్తరం ఇస్త్రీ అవుతుందని నాకు తెలుసు. అయినా తట్టలేదు. తప్పు పడకూడదని ఆ పెన్ను పట్టుకున్నాను, ఎలాగోలా గీకి పారేసి ఉంటే నా మాట నీకు అందేది.

మీ అమ్మ ఫోనుకి ఎన్నిసార్లు చేసినా మోగడం లేదు. మీ ఇంటి చిరునామా ఇవ్వకూడదని ఆఫీసులో అన్నారు. పిన్ని రోజూ వెళ్ళి బతిమాలి, చివరికి సిస్టరు చేత చెప్పించి తెచ్చింది. అందుకే ఇంత ఆలస్యం.

ఆ ఉత్తరం అచ్చంగా మళ్ళీ రాయడం నావల్ల కాదు. కష్టంగా ఉంది, రోజూ ఉంది, అయినా తీయించుకో, ఇదే అందులో ఉంది. మాస్టారు వరండాలో నిలబెట్టారు, వాన పడింది, బతికి ఉండటం బాగుందనిపించింది, అదీ ఉంది. బాగా రాశానే, ఇప్పుడు రావడం లేదు, ఏడుపొస్తోంది. నాకు నువ్వు కావాలి. నన్ను కొంగా అని పిలవడానికి కావాలి. ఇక్కడందరూ నన్ను పేరు పెట్టి మరీ మెత్తగా పిలుస్తారు.

ఇది అందగానే బయలుదేరు. ఆ మాత్రలాయన్ని నమ్మొద్దు. మీ నాన్నతో వాదించు, వాదించడం నీకు కొత్త కాదుగా.

కొంగ


ఇల్లు, ముందుగది

కొంగా,

నీ ఉత్తరం నలిగి, ఒక మూల తడిసి, మడతలు పడి వచ్చింది. పోస్టుమాన్ చేతిలోంచి నేనే తీసుకున్నాను. చదివి, దుప్పటి మొహం మీదికి లాక్కుని చాలాసేపు ఏడ్చాను. దుఃఖంతో కాదే. నువ్వు నన్ను తీయించుకోమన్నావు. అది చాలు నాకు.

ఆ ఖాళీ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఏటవాలుగా వెలుతురుకి పట్టి చూస్తే నీ రాత నొక్కులు కనిపిస్తున్నాయి, చదవడానికి మాత్రం రావు. మొదటిరోజే అలా పట్టి చూసి ఉండాల్సింది. ప్లీడరునని పేరు పెట్టుకుని కూడా, చేతిలో ఉన్న సాక్ష్యమే సరిగ్గా చూడలేదు. కాబట్టి తప్పు సగం నాది, నువ్వు మొత్తం ఎత్తుకెళ్ళడానికి వీల్లేదు.

ఆస్పత్రివాళ్ళు పదేపదే చేస్తున్నారని నాన్న అమ్మ ఫోను కూడా కట్టేశాడు. ఆ మాత్రలతో వాంతులు తప్ప ఏమీ కాలేదు. మోకాలు వాచి ఏ పాంటూ పట్టడం లేదు. నీ ఉత్తరం నాన్నకి ఇచ్చాను. చదివి డ్యూటీకి వెళ్ళాడు. తిరిగొచ్చి యూనిఫాం కూడా విప్పకుండా నా పక్కన కూర్చున్నాడు. చాలా రోజుల తరవాత నా కాలు వైపు చూశాడు. దాని మీద చెయ్యి వేసి, పొద్దున్నే బయల్దేరదాం అన్నాడు. అమ్మ అప్పటికే లేచి సంచీ కోసం వెతుకుతోంది.

తీయించుకుంటున్నాను. తరవాత బాగుండకపోతే నీ గొంతు పిసుకుతాను.

ప్లీడరు


వార్డు, గోడ పక్క మంచం

మొదటి కొంగకి రెండో కొంగ రాయునది.

అయిపోయింది. తీసేశారు. రాత వంకరగా ఉంటే తప్పు సెలైను చేతిది. నన్ను చూడటానికి వస్తానని పిన్నితో అన్నావట. రావద్దు, ఎవర్నీ రానివ్వడం లేదు, సిస్టరు చట్టాలు ఇంకా ముదిరాయి. పిన్నినీ అడగకు, ఆవిడ తలుపు దాకానే వస్తుంది.

భాష మీద కోపమొస్తోందే. కాలు జారింది, కాలు నిలవదు, కాలక్షేపం కూడా కాలుతోనే మొదలవుతుంది. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. నువ్వు నా మీద ఒంటికాలి మీద లేచేదానివి గుర్తుందా, ఇక ఇద్దరం అలాగే లేవాలి.

ఇప్పుడు నువ్వు నాకు పాఠాలు చెప్పాలి. ఎలా పడుకోవాలి, ఎలా లేవాలి, ఎలా కూర్చోవాలి, మెట్లు, బాత్రూము, దురద, అన్నీ. ఒక్కటి కూడా వదలకు. పొడుగ్గా రాయి. నాకు చదవడానికి బోలెడంత తీరిక ఉంది.

నీ ప్లీడరు


ఇల్లు, నాన్న పనిబల్ల మీద

ప్లీడరమ్మకి,

నీ ఉత్తరం చదివి కేక పెడితే నాన్న చేతిలో మిషను చక్రం జారి కింద పడింది. చెల్లి ఇల్లంతా గంతులేసింది. అమ్మ మొదటిసారి నా ముందే ఏడ్చింది. పిన్ని మాత్రం తలనొప్పని తొందరగా వెళ్ళిపోయింది, పాపం డ్యూటీ ఎక్కువైనట్టుంది.

పాఠాలు మొదలు. కోసేయగా మిగిలిన తొడ కింద దిండు పెట్టుకోవాలని ప్రాణం లాగేస్తుంది. పెట్టుకోవద్దు. పెడితే తుంటి దగ్గర వంగి బిగుసుకుపోతుంది, తరవాత కొత్త కాలు తగిలించలేరు. రోజూ కాసేపు బోర్లా పడుకో. ఊపిరాడనట్టు ఉంటుంది, మొహం పక్కకి తిప్పుకో, అలవాటవుతుంది. కుట్లు మానాక ఆ చివర గరుకు తువ్వాలుతో మెల్లిగా రుద్దుతూ ఉండు, చర్మం రాటుదేలాలి.

లేని పాదం దురద పెడితే ఉన్న పాదంలో సరిగ్గా అదేచోట గోకు. నవ్వకు, పనిచేస్తుంది. నేను కనిపెట్టాక ఫిజియో కూడా ఒప్పుకున్నాడు. నిద్రమత్తులో రెండు కాళ్ళున్నట్టే లేస్తావు, పడతావు. నేను అలాగే పడి గడ్డం పగలగొట్టుకున్నాను. మంచం పక్కన బరువైన కుర్చీ వేయించుకో, ముందు చెయ్యి దాని మీద పడితేనే లేవాలి. కర్రల బరువు చంకల్లో వెయ్యకు, అరచేతుల మీద వెయ్యి. ఎవరైనా జాలిగా చూస్తే తిరిగి కళ్ళార్పకుండా చూడు, వాళ్ళే చూపు తిప్పుకుంటారు. ఇది నీకు నేర్పక్కర్లేదనుకో.

ఇంకొకటి తట్టింది. నాకు పోయింది ఎడమది, నీకు కుడిది. ఇద్దరికీ కలిపి ఒక్క జత బూట్లు చాలు. నీ సైజెంత? నా కన్నా పెద్ద పాదమైతే ఒప్పుకోను.

నిజం చెబుతున్నాను, ఆ పెన్ను సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సహించేది కాదు. ఇప్పుడు సహిస్తోంది.

నీ కొంగ


వార్డు

కొంగకి,

ఇది అమ్మ రాస్తోంది, నేను పక్కన పడుకుని చెబుతున్నాను. చెయ్యి అలిసిపోతోంది. దగ్గు కూడా పట్టుకుంది, ఏసీ వల్ల.

దిండు తీయించేశాను. బోర్లా పడుకోవడం మొదలుపెట్టాను, నువ్వన్నట్టే ఊపిరాడదు. కుర్చీ వేయించాను. దురద పాఠం అన్నిటికన్నా బాగుంది, అది మళ్ళీ మళ్ళీ చదివిస్తున్నాను. నా సైజు నీకన్నా చిన్నదే, దిగులుపడకు.

ఇంకా పాఠాలు ఏమైనా మిగిలితే రాయి. వానలో ఎలా నడవాలో రాయలేదు నువ్వు. స్కూలు వరండా గురించి కూడా ఇంకోసారి రాయి, మా ఇంటికి రాసిన ఉత్తరంలోలాగా కాకుండా తీరిగ్గా. అన్నం మానకు.

ప్లీడరు


ఇల్లు, ముందుగది

కొంగమ్మా,

నీ అసలు పేరుతో మొదలుపెడదామని కూర్చున్నాను. మా అమ్మాయి నోట ఎప్పుడూ కొంగ అనే వినడం వల్ల ఆ పేరు చేతికి రాలేదు. ఏమీ అనుకోకు.

అది పోయిన శుక్రవారం పొద్దున వెళ్ళిపోయింది తల్లీ. నేనూ వాళ్ళ నాన్నా చెరోవైపూ ఉన్నాం. నీకు నేనే రాస్తాను, అప్పటిదాకా చెప్పొద్దని మీ పిన్ని దగ్గర మాట తీసుకున్నాను, అందుకే ఆవిడ నీకు మొహం చాటేస్తోంది. ఆవిణ్ణి ఏమీ అనకు.

ఇంకో మాట చెప్పాలి. దానికి ఆపరేషను జరగలేదు. మేం తిరిగి వెళ్ళగానే తీసిన స్కానులో ఊపిరితిత్తుల నిండా మచ్చలున్నాయి. ఇక కాలు తీసి బాధపెట్టడమే తప్ప ఉపయోగం లేదన్నారు. అది రెండు కాళ్ళతోనే వెళ్ళింది.

ఆ సాయంత్రమే కాగితం అడిగింది. తీసేశారని నీకు రాస్తుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, నిజం తెలిస్తే అది ఆ పెన్నుని జీవితాంతం మోస్తుంది. ఆపరేషను అయ్యాక తిరగబెట్టిందని చెబుదువుగాని," అంది. మీ పిన్ని చేత ఒట్టు కూడా వేయించుకుంది.

నీ పాఠాలు నా చేత పైకి చదివించుకునేది. నువ్వు దిండు వద్దన్నావని దిండు తీయించేది. ఊపిరాడకపోయినా బోర్లా తిప్పమనేది. కాసేపటికే నేనూ సిస్టరూ భయపడి వెల్లకిలా తిప్పేవాళ్ళం. ఎందుకే ఈ అవస్థ అని ఒకరోజు కోప్పడ్డాను. అది అంత ఇదిగా చెబుతుంటే వినకపోతే ఎలా అంది. ఆ చివరి రోజుల్లో దాని మొహంలో నవ్వు కనిపించింది ఆ కాసేపే.

దాని మాట తప్పి నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, దానికి అబద్ధం చెప్పడానికి నీకు మనసొప్పలేదు. నీకు చెప్పడానికి నాకూ ఒప్పలేదు. ముందే తీయించి ఉంటే బతికేదా అని డాక్టరుని అడిగాను. బతికేదేమో, అప్పటికే ఊపిరితిత్తులకి పాకి ఉందేమో, నాకు తెలియదమ్మా అన్నాడు. నా దగ్గర ఉన్నది అంతే. నీ మనసు నిమ్మళించడానికి ఇంకేదైనా కల్పించి రాయగలను కానీ రాయను. ఒక్కటి మాత్రం విను. సంచీ సర్దింది వాళ్ళ నాన్న. సర్దుతుంటే చూస్తూ ఊరుకున్నది నేను. ఫోను కట్టేస్తే ఎందుకని అడగనిది నేను. తప్పు ఎవరిదని మొదలుపెడితే నీ వంతు మా ఇద్దరి తరవాతే.

ఇంటికి వచ్చేవాళ్ళంతా అది బంగారమనీ, దేవతనీ అంటున్నారు. ఎంత మొండిదో, ఎంత నోటి దురుసో, వాళ్ళ నాన్నని ఎన్ని మాటలనేదో ఎవరూ ఎత్తడం లేదు. వాళ్ళు చెబుతున్న పిల్ల ఎవరో నాకు తెలియడం లేదు. నీకు వీలైతే ఒకసారి రా. వచ్చి దాన్ని నాలుగు తిట్టి వెళ్ళు.

మీ అత్తయ్య


ఇల్లు

అత్తయ్యకి,

మీ ఉత్తరం అందింది. పిన్ని నా పక్కనే కూర్చుని ఉంది. ఆవిణ్ణి ఏమీ అనలేదు.

నాకు దాని మీద చాలా కోపంగా ఉంది. రెండు కాళ్ళున్నదానికి ఒంటికాలితో లేవడం, కూర్చోవడం నేర్పాను. నేను అంత సంతోషంగా ఏదీ రాయలేదు ఎప్పుడూ. వానలో నడవడం గురించి సగం రాసి పెట్టాను, చివర ఒక పిట్టకథ కూడా చేర్చాలనుకున్నాను. అది పోయిన శుక్రవారం నేను క్లాసులో నవ్వుతూ ఉన్నాను. తనకి మాత్రం నిజమే కావాలని పట్టుబట్టింది. నాకు నిజం అక్కర్లేదని తనకు తనే తీర్పు చెప్పేసింది. నన్ను అడిగిందా? ఊపిరాడనిదాన్ని నేను బోర్లా పడుకోమన్నాను అత్తయ్యా. అది పడుకుంది.

పెన్ను సంగతి మీరు ఎంత చెప్పినా నా మనసులోంచి పోదు. డాక్టరుకే తెలియనిది నేను తేల్చలేను. కానీ మీరు కల్పించి రాయనందుకు మీ మీద మాత్రం కోపం లేదు.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నాన్న తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. నాలుగు తిట్లతో అయ్యేది కాదు, రెండు రోజులుంటాను. మావయ్యని కూడా డ్యూటీకి వెళ్ళకుండా కూర్చోమనండి, ఆయనకి తెలియని దాని వెధవ పనులు వార్డులో చాలా జరిగాయి, అన్నీ చెప్పాలి. మధ్యలో నేను ఏడిస్తే మీరెవరూ ఆపొద్దు. ఏడుపయ్యాక మళ్ళీ అక్కణ్ణుంచే తిట్టడం మొదలుపెడతాను.

కొంగ